పెరట్లో డ్రమ్ము పొయ్యి: ఒక కార్తీకమాసం పని డైరీ

దీపావళికి వారం ముందు

కొత్తింట్లోకి వచ్చి రెండు నెలలైంది. ఒడిశాలో పర్లాకిమిడి ఊరి చివర, వీధిలో ఆఖరి ఇల్లు మాది. ఉత్తరం వాకిలి, వెనక పద్దెనిమిది అడుగుల పెరడు, పెరటి గోడ దాటితే వరిచేను. పదకొండేళ్ళు అద్దె వాటాల్లో ఉన్నాక దొరికిన పెరడు కాబట్టి అక్కడ ఏం పెట్టాలన్నదాని మీద ఇంట్లో ఒక్కొక్కరిదీ ఒక్కో కోరిక. అత్తయ్యకి తులసికోట, పక్కనే ఉసిరి మొక్క. మావయ్యకి ఆనపపాదు, బీరపాదు. నాకూ మా మరిదికీ నిప్పుల మీద వండుకునే పొయ్యి.

ఇది సరదా ఒక్కటే కాదు. అత్తయ్య వంటింట్లో నీసు వండనివ్వరు, దేవుడి గూడు అందులోనే ఉంది. అద్దె ఇంట్లో వరండాలో చిన్న గ్యాస్ పొయ్యి పెట్టి నెట్టుకొచ్చాం. ఇక్కడ పెరట్లో సరైన పొయ్యి ఒకటి కుదిరితే ఆదివారం వంట మొత్తం బయటికి వెళ్ళిపోతుంది, ఆవిడకీ ఇబ్బంది ఉండదు. అందుకే ఏది కొనాలి, ఎలాంటిది పెట్టాలి అన్నది తొందరపడకుండా చూసుకుందామని ఈ డైరీ మొదలుపెట్టాను. బళ్ళో సైన్సు చెప్తాను, కొలతలు రాసుకోవడం అలవాటే.

మరిది మనసులో ఉన్నది ఆఫ్‌సెట్ స్మోకర్, అంటే పొగతో, తక్కువ వేడిలో నిదానంగా వండే పొయ్యి. అడ్డంగా పెద్ద పీపా, పక్కన నిప్పుపెట్టె, రెండో వైపు పొగగొట్టం. చూడ్డానికి చాలా బాగుంటుంది. కానీ దాంట్లో కట్టెలు కాల్చాలి, అరగంటకో ముప్పావుగంటకో ఒక కట్టె వేస్తూ ఉండాలి, పల్చటి రేకుతో చేసినవైతే వేడి నిలవదు, గాలి వీచిందంటే ఇంకా పడిపోతుంది. అసలు అది పుట్టింది పెద్ద పెద్ద మాంసం ముక్కలు పది పన్నెండు గంటలు వండుకునేవాళ్ళ కోసం. మనం తినేదేంటి? కోడి, చేప, వంకాయలు, చిలగడదుంపలు, మొక్కజొన్న పొత్తులు. ఆదివారం తొమ్మిది మందిమి కూర్చుంటాం. ముందు ఈ లెక్క రాసుకోమని మరిదికి చెప్పాను. పొయ్యి ఎంచుకోవడం ఆ కాగితం మీదే మొదలవ్వాలి, బొమ్మలు చూసి కాదు.

దీపావళి మర్నాడు

ఇవాళ్టి నుంచి మాకు కార్తీకం. నెలంతా ఇంట్లో నీసు లేదు. పడమటి ఇంట్లో ఉండే ఒడియా మావుసి (పిన్నిని వాళ్ళు అలా పిలుస్తారు) వాళ్ళకి మాకంటే పదిహేను రోజుల ముందే మొదలైపోయింది, వాళ్ళ నెల పౌర్ణమి నుంచి పౌర్ణమికి, మనది అమావాస్య నుంచి అమావాస్యకి. అందుకని వాళ్ళది ముందే అయిపోతుంది కూడా.

ఈ నెల నాకు కలిసొచ్చింది. పొయ్యి పని నెల రోజులు నిదానంగా చేసుకోవచ్చు, పరీక్షలన్నీ కూరగాయల మీద చెయ్యొచ్చు, పాడైనా వంకాయే పోతుంది.

రకాలన్నీ మరోసారి చూశాను. గ్యాస్ గ్రిల్ మంచిదే, రోజూ సాయంత్రం పది నిమిషాల్లో వెలిగించుకునేవాళ్ళకి దాన్ని మించింది లేదు, కానీ మేం వాడేది వారానికి ఒక్కసారి, దానికి ఇంకో సిలిండరు, పైగా పొగ రుచి అంతంతమాత్రం. పింగాణీ గుడ్డులా ఉండే కమాడో, జపాన్ మట్టి పొయ్యి నుంచి వచ్చిన రకం, వేడి గంటలకొద్దీ పట్టి ఉంచుతుంది, ఆ బరువూ ధరా మా వల్ల కాదు. మూత లేని ఇనుప కుంపటి చవక, ఊచలకి గుచ్చి కాల్చుకోవడానికి చాలు. ఇక మిగిలింది గుండ్రటి మూతపొయ్యి, కెటిల్ అంటారు. 1952లో షికాగోలో జార్జ్ స్టీఫెన్ అనే ఆయన చేశాడు, వెబర్ బ్రదర్స్ అనే లోహపు పనుల కంపెనీలో నీళ్ళ మీద తేలే బోయాలు తయారుచేసేవారట, ఆ గోళాన్ని సగానికి కోసి కింది సగాన్ని పొయ్యిగా, పై సగాన్ని మూతగా పెట్టాడు. గాలి వీస్తే బూడిద ఎగరకూడదు, వానొస్తే నిప్పు ఆరకూడదు, ఆ ఇబ్బందికి వచ్చిన ఆలోచన అది. కింద గాలి కన్నం, పైన పొగ కన్నం. రెండూ తిప్పుకుంటే వేడి మన చేతిలో ఉంటుంది.

ఏదీ కొనకముందు ఇంటి పనిలో మిగిలిన ఇటుకలతో ఒక పొయ్యి పేర్చి చూద్దామనుకున్నాను. ఎక్కడ పేర్చాలన్నదానికి మావయ్య ఒక్క మాటలో తేల్చేశారు: "ఆగ్నేయం మూల తప్ప ఇంకెక్కడా ఒద్దమ్మా." నాకు అభ్యంతరం లేదు. ఆ మూల గోడకి ఇవతల ఇంటి గోడ నుంచి నాలుగు మీటర్ల దూరం వస్తోంది, తూర్పున ఖాళీ స్థలం, బట్టలారేసే తీగ కూడా దగ్గర్లో లేదు. అంటే మా తీగ.

నాగుల చవితి

పొద్దున్నే పుట్టలో పాలు పోసొచ్చాక మధ్యాహ్నం ఇటుక పొయ్యి వెలిగించాం. నిప్పులన్నీ ఒక పక్కకి నెట్టి రెండో పక్క ఖాళీగా ఉంచాను. నిప్పు మీద పెట్టింది మాడుతుంది, పక్కన పెట్టింది నిదానంగా ఉడుకుతుంది. ఏ గ్రిల్ కొన్నా ఈ రెండు భాగాలూ చెయ్యడానికి జాగా ఉండాలి. చిన్న కుంపట్లలో అదే ఉండదు, అందుకే వాటిలో చికెన్ పైన నల్లగా, లోపల పచ్చిగా వస్తుంది.

పొగ కోసం వెనకటి వారం కొట్టిన మామిడి కొమ్మ వేశాడు మరిది. తెల్లటి దట్టమైన పొగ గంటసేపు ఆగకుండా వచ్చింది. వంకాయలు చేదు, నోట్లో పెట్టుకోలేకపోయాం. పచ్చి కట్టెలో నీళ్ళు ఎక్కువ, ఆ వేడి అంతా నీళ్ళని ఆవిరి చెయ్యడానికే పోతుంది, కట్టె పూర్తిగా మండక మసి, తారులాంటి జిడ్డు పుట్టి ఆహారం మీద కూర్చుంటాయి. బాగా ఎండిన కట్టె మండితే పొగ కనీకనిపించకుండా కాస్త నీలంగా ఉంటుంది. కావలసిన పొగ అది.

అంతకంటే బాధ పెట్టినది ఇంకొకటి. ఈ నెలల్లో గాలి ఈశాన్యం నుంచి కదా, మా పొగ మొత్తం నైరుతికి, అంటే సరిగ్గా మావుసి వాళ్ళ పెరట్లోకి పోయింది. ఆవిడ ఆరేసిన నాలుగు చీరలూ పొగచూరిపోయాయి. సాయంత్రం వెళ్ళి క్షమించమని అడిగాను, చీరలు తెచ్చుకుని మళ్ళీ ఉతికిచ్చాను. ఆవిడ ఏమీ అనలేదు గానీ, "ఒక మాట ముందు చెప్తే తీసేసుకుంటాను కదమ్మా" అంది. ఆ మాట రాసిపెట్టుకున్నాను. ఇకమీదట వెలిగించే రోజు పొద్దున్నే చెప్పాలి, నాలుగు దాటాకే వెలిగించాలి.

చీకటి పడ్డాక గాలి పెరిగి నిప్పురవ్వలు గోడ మీదుగా చేలోకి వెళ్ళడం చూశాను. ఇప్పుడు వరి పచ్చగా ఉంది కాబట్టి సరిపోయింది. ఇంకో నెలకి కోతలు, ఆ గోడ అవతలే కుప్ప వేస్తారు, తరవాత గడ్డివాము. ఎండుగడ్డి పక్కన మూత లేని నిప్పు పెట్టకూడదు. దాంతో కుంపటి మాట ఆగిపోయింది. మూత ఉన్నదే కావాలి.

రెండ్రోజుల తరవాత

కెటిల్ కొందామని దాదాపు నిశ్చయించాం. ధర చూసి మావయ్య ఏమీ అనలేదు, కళ్ళజోడు తీసి పక్కన పెట్టుకున్నారు, ఆయనకి మింగుడు పడలేదని అర్థమైంది. కొలతలు చూస్తూ ఉంటే ఒక సంగతి తెలిసింది. పెద్ద కెటిల్ అడ్డుకొలత 57 సెంటీమీటర్లు. 200 లీటర్ల ఇనుప డ్రమ్ము లోపలి అడ్డుకొలతా దాదాపు 57 సెంటీమీటర్లే. అంటే కెటిల్ కోసం అమ్మే జాలీలు డ్రమ్ములో సరిపోతాయి! డ్రమ్ము ఎత్తు 88 సెంటీమీటర్ల దాకా ఉంటుంది కాబట్టి నిప్పుకీ వంటకీ మధ్య దూరం కూడా దొరుకుతుంది, అది స్మోకర్ పని. నిప్పుని పైకి తెచ్చుకుంటే గ్రిల్ పని. విదేశాల్లో ఇళ్ళ దగ్గర డ్రమ్ముతో ఇలా చేసుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు, కొత్తగా నేను కనిపెట్టిందేమీ కాదు. మరిది ఒప్పుకోవడానికి ఒక పూట పట్టింది. పక్కన నిప్పుపెట్టె లేదన్న దిగులు అతనిది.

డ్రమ్ము తెచ్చిన రోజు

పాతపట్నంలో పాత పీపాలు అమ్మే చోట మూత పూర్తిగా ఊడి వచ్చే రకం, చుట్టూ బిగింపు రింగు ఉన్నది, 1,200కి దొరికింది. ఇంతకుముందు వంటనూనె పోసినది. ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. డ్రమ్ములో ముందు ఏముండేదో తెలియకపోతే తీసుకోకండి. పురుగుమందు, రంగు, థిన్నర్ లాంటివి ఉన్నవి ఎన్నిసార్లు కాల్చినా వంటకి పనికిరావు. పెట్రోలు, థిన్నర్ లాంటివి ఉన్న మూసిన డ్రమ్ము మీద గ్రైండర్ పెట్టినా, వెల్డింగ్ పెట్టినా లోపలి ఆవిరి అంటుకుని పేలిపోవచ్చు. ఖాళీ డ్రమ్మే కదా అనుకోవద్దు, నిండుదానికంటే ఖాళీదే ప్రమాదం. మూత ఊడే రకం తీసుకుంటే కోయవలసిన పనే తప్పుతుంది.

లోపల గోధుమరంగు పూత ఉంది. తిండి సరుకుల డ్రమ్ముల్లో ఇనుము తగలకుండా ఆ పూత వేస్తారు, వంటకి వాడేముందు అది మొత్తం పోవాలి. కింద గాలి కన్నాలు వేయించాక సరుగుడు కట్టెలతో లోపల పెద్ద మంట పెట్టి, చల్లారాక తీగబ్రష్షుతో గీకి, మళ్ళీ మంట. రెండుసార్లు చేస్తే గానీ ఇనుము బయటపడలేదు. ఆ పొగ పీల్చకూడదు కాబట్టి ఇంట్లో కాకుండా తెలిసినవాళ్ళ ఖాళీ స్థలంలో చేశాం.

వెల్డింగ్ షాపులో

ఇవాళ బడి అయ్యాక షాపు దగ్గరే రెండు గంటలు నిలబడ్డాను. మేస్త్రీ మంచి పనివాడు. ముందు, బొగ్గులు వేసే బుట్టకి "జీఐ జాలీ ఎయ్యమంటారేటమ్మా, తుప్పు పట్టదు" అన్నాడు. అదే వద్దన్నాను. జీఐ మీద ఉండేది జింకు పూత. జింకు 419 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఇంకా వేడెక్కితే దాని పొగ బయటికొస్తుంది, నిప్పుని ఆనుకుని ఉండే బుట్ట ఆ వేడికి సులువుగా చేరుతుంది. జీఐ వెల్డింగ్ చేసిన రాత్రి చలిజ్వరం వస్తుందని మేస్త్రీకి నాకంటే బాగా తెలుసు, ఆ జ్వరం ఆ జింకు పొగదే అని చెప్తే వెంటనే ఒప్పుకున్నాడు. మామూలు ఇనుప జాలీతోనే బొగ్గుల బుట్ట కట్టించాం, 35 సెంటీమీటర్ల వెడల్పు, 20 ఎత్తు, కింద మూడు కాళ్ళు. కాళ్ళు ఎందుకంటే బూడిద కిందికి రాలాలి, గాలి దారి మూసుకుపోకూడదు.

అడుగు నుంచి 5 సెంటీమీటర్ల ఎత్తులో చుట్టూ 25 మిల్లీమీటర్ల కన్నాలు నాలుగు, ఒక్కోదానికి పక్కకి తిరిగే రేకు ముక్క, ఒక బోల్టు. మూత మీద 18 మిల్లీమీటర్ల కన్నాలు ఎనిమిది. లెక్క వేస్తే లోపలికొచ్చే దారి, బయటికి పోయే దారి రెండూ దాదాపు 20 చదరపు సెంటీమీటర్లు వస్తాయి. పై కన్నాలు ఎప్పుడూ తెరిచే ఉంచాలి, వేడి తగ్గించుకోవాలంటే కిందివే ముయ్యాలి. పైవి మూస్తే పొగ లోపలే నిలిచి మళ్ళీ ఆ వంకాయ చేదే.

జాలీ పెట్టుకోవడానికి అంచు నుంచి 15 సెంటీమీటర్ల కింద నాలుగు బోల్టులు. ఇంకో వరస ఇంకా కిందికి వేయించి, జాలీ దింపుకుని గ్రిల్‌లా వాడదామని మరిది అన్నాడు. ఖాళీ డ్రమ్ములో చెయ్యి పెట్టి చూస్తే భుజం దాకా లోపలికి వెళ్తోంది, నిప్పులు ఉన్నప్పుడు అలా తిరగెయ్యడం కుదరదు. అందుకని జాలీ కదలదు, బొగ్గుల బుట్టనే పైకి తెచ్చుకునేలా అంచుకి తగిలించే మూడు కొక్కేలు చేయించాం. ఈ మార్పుకి ఖర్చు 150. మొత్తం పనిలో నాకు బాగా నచ్చింది ఇదే.

బయట మాత్రం వేడికి తట్టుకునే నల్ల రంగు. లోపల రంగు వెయ్యకూడదు, నూనె రాసి కాల్చడమే, దోసెల పెనం కొత్తగా తెచ్చినప్పుడు చేసినట్టు.

బొగ్గు గురించి, కట్టె గురించి

పలాస నుంచి మావయ్య స్నేహితులు ఒకరు బస్తాడు జీడి తొక్కలు పంపించారు, బాగా మండుతాయని. బాగా మండే మాట నిజమే, కానీ ఆ తొక్కలో ఉండే నూనె చర్మాన్ని బొబ్బలెక్కిస్తుంది, దాని పొగ తిండికి తగలనివ్వకూడదు. జీడి కార్ఖానాల్లో తొక్క ఒలిచే ఆడవాళ్ళ చేతులు చూసినవాళ్ళకి ఈ మాట వేరే చెప్పక్కర్లేదు. ఆ పెద్దాయనకి ఫోన్లో దండం పెట్టి, బస్తా ఇటుకల బట్టీ వాళ్ళకి ఇచ్చేశాం. వేప చేదు, నీలగిరిలో నూనె, గన్నేరు విషం, పాత తలుపుల చెక్కల మీద రంగు: ఇవేవీ పొయ్యిలోకి రాకూడదని మరిది చేత డ్రమ్ము పక్క గోడ మీద సుద్దతో రాయించాను.

మా దగ్గర దొరికేవాటిలో మంట కోసం చింత బొగ్గు బాగుంది, ఎక్కువసేపు నిలుస్తుంది. పొగ కోసం ఏడాది ఎండిన మామిడి, జామ. అరచెయ్యంత ముక్కలు మూడు చాలు. కిరసనాయిలు పొయ్యొద్దు, ఆ వాసన మూత కింద పోదు. అయిదు కిలోల నూనె డబ్బా అడుగున కన్నాలు కొట్టి, కింద రెండు కాగితాలు, పైన బొగ్గు. పావుగంటలో అన్నీ ఎర్రబడతాయి.

మొదటి మంట

నూనె రాసి మూడు గంటలు ఖాళీ డ్రమ్ము కాల్చాను. మూత మీద బిగించిన, వేడి కొలిచే మీటరు 135 డిగ్రీలు చూపిస్తోంది, జాలీ మీద పెట్టిన మీటరు 112. ఇరవై పైన తేడా! వంట జాలీ మీద జరుగుతుంది కాబట్టి అక్కడి కొలతే లెక్క. ఇంకో సంగతి, వేడి ఎక్కేటప్పుడే కన్నాలు మూసుకుంటూ రావాలి. మొదటిసారి 120 వచ్చాక మూద్దామని ఆగితే 190కి పోయింది, దించడానికి గంట పట్టింది. రెండోసారి 95 దగ్గర మూడు కన్నాలు మూసి ఒక్కటి సగం తెరిచి ఉంచాను, అక్కడి నుంచి 115కి వచ్చి రెండు గంటలు అక్కడే నిలిచింది. రెండున్నర కిలోల బొగ్గుతో. ఇంత నిలకడగా ఉంటుందని నేనూ అనుకోలేదు.

చిలగడదుంపలు గంటన్నర. తొక్క తీస్తుంటే పాకంలా కారాయి. అత్తయ్య తిన్న మొదటి వంట ఇది, రెండోది అడిగి తీసుకున్నారు.

క్షీరాబ్ది ద్వాదశి ముందు రోజు

మావుసి వచ్చి డ్రమ్ము చుట్టూ తిరిగి చూసింది. "ఇందులో పొడొపిఠా అవుతుంది" అంది. బియ్యప్పిండి, బెల్లంతో నిప్పుల మీద కాల్చే ఒడియా పిండివంట అది. ఆవిడ పుట్టింట్లో రజొ అనే ఒడియా పండక్కి మట్టిపొయ్యిలో కింద నిప్పులు, పైన మూత మీద నిప్పులు పెట్టి రాత్రంతా వదిలేసేవారట, తెల్లారి తీస్తే కింద నల్లటి చెక్కు, లోపల మెత్తగా. గ్యాస్ వచ్చాక కుక్కర్లో చేస్తోంది గానీ ఆ చెక్కు రావట్లేదని ఆవిడకి పాతికేళ్ళ నుంచి మనసులో ఉంది.

ఇద్దరం కలిసి చేశాం. బెల్లం నీళ్ళు మరిగించి బియ్యప్పిండి, కొబ్బరి ముక్కలు, అల్లం, మిరియాలు, యాలకులు వేసి గట్టిగా కలియబెట్టి, నెయ్యి రాసిన అరిటాకులు పరిచిన గిన్నెలో దించి పైన ఇంకో ఆకు. జాలీ మీద 150 దగ్గర రెండున్నర గంటలు. పొగ ముక్కలు వెయ్యలేదు, బొగ్గూ ఆకూ ఇచ్చిన వాసన చాలు. అడుగు, పక్కలు కుదిరాయి, పైభాగం మాత్రం తెల్లగా ఉండిపోయింది. ఆవిడ చూసి, గిన్నె మీద ఇనుప పళ్ళెం పెట్టి దాంట్లో నాలుగు నిప్పులు వెయ్యమంది. పావుగంటలో పైన కూడా రంగు వచ్చింది. పెద్దవాళ్ళు మూత మీద నిప్పులు ఎందుకు పెట్టేవారో నాకు చేతితో తెలిసింది అప్పుడే. డ్రమ్ములో వేడి కింద నుంచే వస్తుంది, పైనుంచి రాదు. కెటిల్‌కి గుండ్రటి మూత ఉంటుంది, వేడి తిరిగి కిందికి వస్తుంది. మాది చదును మూత. ఈ లోటు నేను ముందే ఆలోచించాల్సింది.

ఆవిడ చెక్కు ముక్క కొరికి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

వాన రెండ్రోజులు

వాయుగుండం. డ్రమ్ము మీద టార్పాలిన్ కప్పాం, అయినా మూత కన్నాల్లోంచి నీళ్ళు దిగి అడుగున తుప్పు లేచింది. గీకి, నూనె రాసి, చిన్న మంట పెట్టాలి. వరండాలోకి లాగి వెలిగిద్దామని మరిది అన్నాడు, ఒప్పుకోలేదు. మూడు వైపులా గోడలున్న చోట బొగ్గు కాలిస్తే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది, దానికి వాసన ఉండదు, నిద్ర వచ్చినట్టే ఉంటుంది. చలికాలంలో గదిలో కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్ళు చనిపోయిన వార్తలు ఏటా చదువుతూనే ఉంటాం. వాన తగ్గేదాకా ఆగాం.

కార్తీక పౌర్ణమి, ఆ మర్నాడు

తెల్లవారుజామున మహేంద్రతనయ ఒడ్డున మేం అరటి దొప్పల్లో దీపాలు వదిలితే మావుసి వాళ్ళు బొయిత బందాణ అనే తమ పడవల పండక్కి అరటి దొన్నె పడవలు వదిలారు. చీకట్లో ఏది ఎవరిదో తెలియలేదు, అన్నీ ఒక్క వరసగానే పోయాయి.

మర్నాడు వాళ్ళకి ఛాడఖాయి. నెల రోజులు మానేసిన చేప, మాంసం ఆ రోజు మొదలుపెడతారు. మాకింకా పదిహేను రోజులుంది. మావుసి వాళ్ళాయన మొహమాటపడుతూనే అడిగారు, మీ డ్రమ్ములో రెండు కోళ్ళు వండుకోవచ్చా అని. అత్తయ్య ఏమంటారో అని నాకు టెన్షన్. ఆవిడ తేలిగ్గా, "పెరట్లోదే కదా, వాళ్ళ పండగ" అన్నారు.

అలా మా డ్రమ్ములో మొదటి మాంసం వాళ్ళది, వండింది నేను, రుచి చూడకుండా. నడ్డి మధ్యకి చీల్చి పరిచిన కోళ్ళు, ముందు రాత్రే ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించి ఉంచారు. కారం తక్కువే వెయ్యమన్నాను, కారప్పొడి నేరుగా నిప్పు తగిలితే మాడి ఘాటు పుడుతుంది. 125 దగ్గర రెండు గంటలు, జామ ముక్కలు రెండు. రొమ్ము భాగం 74 డిగ్రీలు దాటింది, తొడ 80. తోలు మాత్రం రబ్బరులా సాగుతోంది, తక్కువ వేడిలో కోడి తోలు ఎప్పుడూ అంతే. కొక్కేలతో బుట్ట పైకి తెచ్చి, కన్నాలన్నీ తెరిచి, ఒక్కో వైపు మూడు నిమిషాలు. అప్పుడు చిటపటమని కరకరలాడింది.

కోసినప్పుడు లోపల అంచు గులాబీ రంగులో కనిపించేసరికి వాళ్ళాయన పచ్చిగా ఉందని భయపడ్డారు. మీటరు చూపించాను. కట్టె పొగలోని వాయువులు మాంసంలోని రంగుని పట్టి ఉంచుతాయి, ఉడికినా ఆ గులాబీ పోదు. రంగు చూసి కాదు, మీటరు చూసి చెప్పాలి. వాళ్ళ మనవడు తొడ ఎముక చీకుతూ ఇంకోటి కావాలని అడగడం గోడ ఇవతలికి వినిపించింది.

పోలి పాడ్యమి తరవాతి ఆదివారం

ఈ పదిహేను రోజుల్లో మేస్త్రీ దగ్గరికి మళ్ళీ వెళ్ళి చదును మూత బదులు పాత ఇనుప కడాయి బోర్లించి పిడి పెట్టించాం. 58 సెంటీమీటర్ల కడాయి వెతకడానికి మూడు పాత సామాన్ల షాపులు తిరిగాడు మరిది. అందులో పొగ కన్నాలు మళ్ళీ ఎనిమిది. పైన వేడి ఇప్పుడు తిరిగి కిందికి వస్తోంది: గిన్నె పైభాగంలో పిండి రంగు మారింది, నిప్పుల పళ్ళెం అక్కర్లేకుండానే.

పోలిని స్వర్గానికి పంపి వచ్చిన తరవాతి ఆదివారం, తొమ్మిది మందిమి. వంజరం ముక్కలు అరిటాకులో చుట్టి పావుగంట, మావుసి నేర్పినట్టు ఆవముద్దతో. రెండు కోళ్ళు. వంకాయలు పచ్చడికి, అత్తయ్యకి విడిగా ముందే తీసి పెట్టాం, నీసు ఎక్కకముందు. పొద్దున్నే మావుసికి చెప్పాను, తీగ మీద బట్టలు లేవు. మావయ్య ఆగ్నేయం మూలన కుర్చీ వేసుకుని కూర్చుని రెండు గంటలు మీటరే చూశారు. "నూట ఇరవై రెండమ్మా," "నూట పద్దెనిమిదికి దిగిందమ్మా" అని వంటింటి దాకా వినిపించేలా చెప్తూనే ఉన్నారు.

లెక్క: డ్రమ్ము 1,200, జాలీ, ఊచలు, పని కలిపి 1,450, కొక్కేలు 150, రంగు 380, రెండు మీటర్లు 900, కడాయి 600. మొత్తం 4,680.

చెయ్యాల్సినవి రెండు మిగిలాయి. వేసవిలో గాలి దక్షిణం నుంచి తిరుగుతుంది, అప్పుడు ఆ మూల పొగ మా వంటింటి కిటికీకే వస్తుంది, కాబట్టి చక్రాల బండి ఒకటి కావాలి, మావయ్యని ఒప్పించాలి. గోడ అవతల కోతలు మొదలయ్యాయి. కుప్ప వేసేటప్పుడు కొంచెం దూరంగా వెయ్యమని ఆ రైతుని రేపు కలుస్తాను, అరిటాకు చేప పట్టుకుని.